కొమ్ము మెడ మీద మబ్బు

చైనా రేవుపట్నం దాలియన్‌లోని జపాను కంపెనీ కెటిళ్ల ఫ్యాక్టరీ మూసేస్తున్నారన్న సంగతి త్సోంగ్ గ్వీజెన్‌కు మిగతావాళ్లకంటే గంట ముందు తెలిసింది. ఆ గంటే తర్వాత ఆమెకు చాలా చేటు చేసింది. మేనేజరు ముందుగా ఆమె ఒక్కదాన్నీ గదిలోకి పిలిచి విషయం చెప్పాడు. ఆ తర్వాత నలభై ముగ్గురినీ క్యాంటీన్‌లో కూర్చోబెట్టి అదే మాట మళ్లీ చెప్పాడు. అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటుంటే గ్వీజెన్ మాత్రం బల్ల మీది గీతలు చూస్తూ కూర్చుంది. పక్కనున్న లువాన్ చున్హువా అది గమనించింది.

కారణాలన్నీ మేనేజరు కాగితం చూసి చదివాడు. జపాన్‌లో యెన్ విలువ పడిపోయింది, ఇక్కడ జీతాలు పెరిగాయి. మహమ్మారి రోజుల్లో రేవులు మూతపడినప్పుడు పెళ్లి కానుకల కోసం వెళ్లాల్సిన కెటిళ్లన్నీ ఓడలోనే ఉండిపోయి, పెళ్లిళ్లన్నీ అయిపోయాక చేరాయి. అక్కడి దుకాణాల వాళ్లు కెటిల్ అడుగున తమ దేశం పేరు ఉంటే తప్ప కొనేవాళ్లు ఇష్టపడటం లేదంటున్నారు. అందుకని కంపెనీ తన పని తన ఊరికి తీసుకుపోతోంది. ఇందులో మీ తప్పేమీ లేదని మేనేజరు మూడుసార్లు అన్నాడు. మూడోసారికి వెనక బల్ల దగ్గర ఎవరో నవ్వారు.

అక్కడికి పని తీసుకుపోవడం సులువే కానీ చేసే చేతులు అక్కడ లేవు. పదిహేనేళ్ల కిందట పాలిషింగ్ మొత్తం దాలియన్‌కు తరలించినప్పుడు ఆ ఊళ్లోని చిన్న చిన్న షెడ్లన్నీ మూతపడ్డాయి. పని తెలిసినవాళ్లు ముసలివాళ్లయ్యారు, కొందరు పోయారు. యంత్రాలు కెటిల్ పొట్టను మెరిపించగలవు కానీ నీళ్లు ఒంపే కొమ్ము పొట్టకు అతుక్కునే చోటుకు, ఆ ఇరుకైన వంపుకు, వాటి చెయ్యి చేరదు. పనివాళ్లు దాన్ని కొమ్ము మెడ అంటారు. అక్కడ మెరుగుపెట్టే గుడ్డ చక్రం కాస్త ఎక్కువ ఆనినా, తక్కువ ఆనినా ఉక్కు మీద తెల్లగా మబ్బు పడుతుంది. ఆ మబ్బు కనిపిస్తే కెటిల్ తుక్కులోకి పోవాల్సిందే. మబ్బు పడకుండా మెడకు మెరుగు తీయగలిగినవాళ్లు కంపెనీ మొత్తంలో ఇద్దరే ఉన్నారు. ఒకరు గ్వీజెన్, ఇంకొకరు ఆమె నేర్పగా నేర్చుకున్న చున్హువా. జపాను మాట వచ్చింది మాత్రం గ్వీజెన్‌కే. ఐదు నెలలు అక్కడికి వెళ్లి ఎనిమిది మందికి పని నేర్పి రమ్మని మేనేజరు ఆమెను అడిగాడు.

ఆ సాయంత్రం చేతులు కడుక్కునే తొట్టి దగ్గర చున్హువా ఆమెను పట్టుకుంది. పద్దెనిమిదేళ్లుగా ఇద్దరివీ పక్కపక్క చక్రాలు. చున్హువా ఆమెకంటే నాలుగేళ్లు పెద్దది. ఇద్దరి గోళ్ల కింద నల్లటి మసి ఎన్ని సబ్బులు అరిగినా పోదు.

"వెళ్తావన్నమాట."

"ఇంకా చెప్పలేదక్కా."

"చెప్పకపోతే ఏం, నీ మొహం చెబుతోంది. వెళ్లకు. నువ్వు నేర్పకపోతే వాళ్లకు చేతకాదు. చేతకాకపోతే ఏం చేస్తారు? మళ్లీ మన గుమ్మంలోకే వస్తారు."

"నేను కాకపోతే ఇంకొకళ్లని పంపుతారు."

"ఎవర్నే? నన్నా? నాకు వాళ్ల భాషలో అన్నం అడగడం కూడా రాదు." చున్హువా చేతులు విదిలించి తుండు భుజాన వేసుకుంది. "పోనీలే. నా మెడ కోసే కత్తికి నువ్వే సాన పట్టి రా."

కూతురు నర్సింగ్ ఆఖరి ఏడాదిలో ఉందనీ, రేవులో పనిచేసే భర్తకు నడుము పట్టేసి ఇంట్లో ఉన్నాడనీ, అందుకే వెళ్తున్నాననీ గ్వీజెన్ అందరికీ చెప్పుకుంది. అది అబద్ధం కాదు, కానీ అంతా అదే కాదు. పద్దెనిమిదేళ్లలో ఆమెను ఎవరూ ఏదీ అడగలేదు, చెప్పడమే తప్ప. ఇప్పుడు సముద్రం అవతలి నుంచి ఎవరో నీ చెయ్యి మాకు కావాలన్నారు. ఆ మాట విన్నప్పుడు లోపల కలిగిన సంతోషానికి ఆమెకే సిగ్గేసింది. దానికి తోడు ఇగరాషి మాస్టారిని ఒకసారి చూడాలన్న కోరిక కూడా ఉంది.

ఇగరాషి అంటే మొదట్లో పని నేర్పడానికి జపాన్ నుంచి వచ్చిన ముసలాయన. మూడేళ్లు ఉన్నాడు. అప్పుడు గ్వీజెన్‌కు ఇరవై ఎనిమిదేళ్లు. ఆయన తిట్టేవాడు కాదు. తప్పు చేస్తే మణికట్టు పట్టుకుని, చక్రం ఎంత నెడుతోందో చెయ్యే తెలుసుకునేదాకా వదిలేవాడు కాదు. మధ్యాహ్నం వాళ్లతో పాటే కూర్చుని మొక్కజొన్న రొట్టె, చేపల పులుసు తినేవాడు. అన్నీ నేర్పాడు కానీ మెడ దగ్గర మాత్రం ఎవరు తీసినా మబ్బు పడేది. ఆయన తీస్తే పడేది కాదు. చక్రంలో ఏదైనా తేడా ఉందా అని గ్వీజెన్ అడిగితే, చక్రం ఒకటే, చెయ్యే వేరు అనేవాడు. వెళ్లిపోయే రోజున నలభై మంది ముందూ నడుము వంచి నమస్కరించి, చాలాసేపు తల ఎత్తలేదు. వదిలి వెళ్తున్నందుకు బాధపడుతున్నాడని ఆడపిల్లలందరూ ఏడ్చారు.

ఆయన వెళ్లిన రెండేళ్లకు గుడ్డ చక్రాలు సమయానికి రాక, ఒకరోజు గ్వీజెన్ తుక్కుడబ్బాలోంచి అరిగిపోయిన చక్రం తీసి బిగించింది. దాని అంచు ఒక పక్కకు కొడవలిలా ఏటవాలుగా అరిగి ఉంది. దానికి పాలిష్ మైనం రాయడం కూడా మరిచిపోయింది. ఆ చక్రం మెడ వంపులోకి వేలులా దూరింది. మబ్బు తుడిచిపెట్టినట్టు పోయింది. ఆ రోజు నుంచి అరిగిన చక్రాల అంచు ఏటవాలుగా చెక్కి పెట్టుకునేది. అడిగినవాళ్లకు చూపించింది కానీ చున్హువాకు తప్ప ఎవరికీ ఆ ఓపిక కుదరలేదు. మాస్టారికి కూడా తెలియని కిటుకు తనకు దొరికిందని చాలాకాలం గర్వపడింది.

జపాన్‌లో నియిగతా జిల్లాలోని కంపెనీ ఊరికి ఆమె ఫిబ్రవరిలో చేరింది. మంచు ఇళ్ల కిటికీల దాకా పేరుకుని ఉంది. మంచు కరగడానికి రోడ్డు మధ్యలోంచి నీళ్లు చిమ్ముతుంటాయి. ఆ నీళ్లలోని తుప్పుకు వీధులన్నీ ఎర్రబారాయి. ప్రతి సందులోనూ రేకుల షెడ్లున్నాయి. తలుపుల మీద పాత పేర్లున్నాయి, లోపల మాత్రం కార్లో, సైకిళ్లో. కంపెనీ కొత్త షెడ్డు ఊరి చివర పొలాల పక్కన కట్టింది. కొత్త చక్రాలు, దుమ్ము లాగే కొత్త గొట్టాలు, గోడకు నినాదం. అక్కడ ఆమెను త్సోంగ్ అనేవాళ్లు లేరు. ఆమె ఇంటిపేరు రాసే చైనా అక్షరాన్ని వాళ్లు సో అని చదువుతారు. అందుకని ఆమె అక్కడ సో టీచరు గారు అయింది.

ఎనిమిది మందిలో ఏడుగురు ముప్పై లోపువాళ్లే. ఎనిమిదో మనిషి నగుమొ కజుయె అనే యాభై రెండేళ్ల ఆడమనిషి. పదిహేనేళ్లుగా సూపర్ మార్కెట్‌లో చేపలు కోసే బల్ల దగ్గర పనిచేసి వచ్చింది. మొదటి రోజు చక్రం తిప్పగానే మిగతావాళ్లు వెనక్కి జరిగారు. నగుమొ మాత్రం మోచేతులు పక్కటెముకలకు ఆనించి నిలబడింది. ఆ నిలబడటం ఎవరో ఒకరు నేర్పనిదే రాదు. ఎక్కడ నేర్చుకున్నారని గ్వీజెన్ అడిగితే, చిన్నప్పుడు నాన్నను చూసేదాన్నని చెప్పింది.

నెల తిరిగేసరికి గిన్నెలు, మూతలు, కెటిల్ పొట్టలు నగుమొ చేతిలో అద్దాల్లా తేలాయి. మిగతావాళ్లు పొరపాటు చేస్తే ఆమే వెళ్లి సరిదిద్దేది. మధ్యాహ్నం ఇద్దరూ ఒక బల్ల దగ్గర కూర్చునేవాళ్లు. నగుమొ ఎండు చేప పెట్టిన అన్నపు ఉండలు రెండు ఎక్కువ తెచ్చేది. ఒకరోజు గ్వీజెన్ మాస్టారి గురించి అడిగింది. అంతకుముందు ఫ్యాక్టరీ పెద్ద తకిజవాను అడిగితే ఆయనకు ఒంట్లో బాగోలేదట అని మాట తప్పించాడు.

నగుమొ తింటున్నది ఆపింది.

"ఆయన పేరు ఈ ఊళ్లో ఎవరూ ఎత్తరండి."

"ఎందుకని?"

"మీకు పని నేర్పింది ఆయనే కదా. ఆయన తిరిగొచ్చిన ఏడాది మా షెడ్లకు ఆర్డర్లు ఆగిపోయాయి. ఈ వీధిలోనే పదిహేడు మూతపడ్డాయి. మా నాన్న మూసేసిన రోజు ఇగరాషి గారు వచ్చి మంచులో గుమ్మం బయట నిలబడ్డారు. నాన్న తలుపు తీయలేదు." ఆమె డబ్బా మూత పెట్టింది. "వాళ్లావిడ పోయినప్పుడు కూడా ఎవరూ వెళ్లలేదు. మేమూ వెళ్లలేదు."

గ్వీజెన్ చేతిలోని అన్నపు ఉండను కింద పెట్టింది. అదే పని తను ఇప్పుడు చేస్తోందని నగుమొకు తెలుసా అనుకుంది. తెలిసే ఉంటుంది. నగుమొ, మీ మీద నాకేమీ కోపం లేదండి, మీరు పని నేర్చుకున్నారంతే అని మెల్లగా అంది. ఆ ఆదివారం తనే కారులో ఆయన దగ్గరికి తీసుకెళ్తానని కూడా అంది.

ఆయన ఉన్నది కొండ కింద వృద్ధుల సదనంలో. నగుమొ లోపలికి రాలేదు. కారులోనే కూర్చుంటానంది. ఇగరాషి కిటికీ దగ్గర చక్రాల కుర్చీలో ఉన్నాడు. ముక్కుకు ఆక్సిజన్ గొట్టం ఉంది. నలభై ఏళ్ల ఉక్కు దుమ్ము ఊపిరితిత్తుల్లో గూడు కట్టుకుందని నర్సు చెప్పింది. గ్వీజెన్ పేరు చెప్పుకోబోయేలోపే ఆయన ఆమె చేతులు పట్టుకుని తిప్పి గోళ్లు చూశాడు.

"ఇంకా చేస్తున్నావన్నమాట," అన్నాడు. "పొడుగ్గా ఉండే పిల్ల, ఎప్పుడూ నవ్వేది, లువాన్. ఆమె బాగుందా?"

బాగుంది మాస్టారూ అంది. తర్వాత దాచడం చేతకాక ఫ్యాక్టరీ మూసేస్తున్నారనీ, తను ఇక్కడికి నేర్పడానికి వచ్చాననీ చెప్పింది. ఆయనకు ఎవరూ చెప్పలేదు. మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు. గొట్టంలో గాలి చప్పుడు వినిపిస్తోంది.

"మెడ కూడానా?" అని అడిగాడు.

"ఇంకా మొదలుపెట్టలేదు."

"నువ్వెలా తీస్తావు?"

అరిగిన చక్రం గురించి, ఏటవాలు అంచు గురించి, మైనం లేకుండా తీయడం గురించి ఆమె చెప్పింది. చెబుతున్నంతసేపూ ఆయన తల వంచుకునే ఉన్నాడు. అప్పుడు ఆమెకు అర్థమైంది.

"మీకు తెలుసు," అంది.

"తెలుసు. నేను అందరూ రాకముందే వచ్చి అంచు చెక్కి పెట్టుకునేవాణ్ని." ఆయన ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. "నేను బయలుదేరే ముందు ఇక్కడి షెడ్ల వాళ్లు మా ఇంటికొచ్చారు. అన్నీ నేర్పు, ఆ ఒక్కటీ నేర్పకు, మాకు అదైనా మిగలనీ అన్నారు. సరేనన్నాను. నేర్పినందుకు వీళ్లు నన్ను వెలేశారు. నేర్పనందుకు మీ ముందు తల ఎత్తలేకపోయాను. మిగిలిందా అంటే ఏమీ మిగల్లేదు."

మరి నేనేం చేయను మాస్టారూ అని గ్వీజెన్ అడిగింది. ఆయనకు దగ్గు వచ్చింది. నర్సు వచ్చి కుర్చీ లోపలికి తిప్పుకుపోయింది. కారులో నగుమొ ఆయన ఎలా ఉన్నాడని అడగలేదు.

ఆ వారంలోనే దాలియన్ నుంచి చున్హువా ఒక వీడియో పంపింది. తమ ఇద్దరి చక్రాల బల్లలను బోల్టులు ఊడదీసి లారీకి ఎక్కిస్తున్నారు. బల్లలున్న చోట నేల మీద రెండు తెల్లటి చతురస్రాలున్నాయి. వెనకనుంచి చున్హువా గొంతు వినిపించింది: "టీచరమ్మా, చూసుకో. నీ శిష్యులకు పాఠాలు బాగా ఎక్కుతున్నాయా?" వెనక ఇంకెవరివో నవ్వులు. గ్వీజెన్ దాన్ని నాలుగుసార్లు చూసింది. జవాబుగా ఏం రాసినా తనకే నచ్చక చెరిపేసింది.

మర్నాడే కొమ్ము మెడ పాఠం. కంపెనీ వాళ్లు వీడియో తీయడానికి కెమెరా పెట్టారు. గ్వీజెన్ అందరికంటే ముందే వచ్చి ఒక అరిగిన చక్రాన్ని అంచు చెక్కి బిగించి ఉంచింది. ఎందుకు ముందే వచ్చిందో, నిద్రలేచినప్పుడు తనకే స్పష్టంగా తెలియదు. ఎనిమిది మంది చూస్తుండగా కెటిల్‌ను తలకిందులుగా పట్టుకుని మెడ తీసింది. కెమెరాలో ఆమె చేతులు కనిపించాయి. చక్రం అంచు కనిపించలేదు. మెడ అద్దంలా వచ్చింది. మైనం రాయలేదని ఎవరూ గమనించలేదు.

తర్వాత ఒక్కొక్కరూ తమ తమ కొత్త చక్రాల మీద ప్రయత్నించారు. అందరికీ మబ్బే. నగుమొ ఆరు కెటిళ్లు పాడుచేసి, కళ్లజోడు నుదుటికెత్తి, ఆమె దగ్గరికి వచ్చింది.

"టీచరు గారూ, మీ చక్రం వేరా?"

గ్వీజెన్ చక్రం మీద చెయ్యి వేసి ఉంది. గుడ్డ ఇంకా వెచ్చగానే ఉంది.

"ఒకటే," అంది. "చెయ్యి అలవాటు పడాలి."

నగుమొ తల వంచి నమస్కరించి తన చోటికి వెళ్లింది. ఆమె ఒక్క క్షణం కూడా అనుమానించలేదు. గ్వీజెన్‌ను కుంగదీసింది అదే. అనుమానించి ఉంటే తిరిగి ఒక మాట అనేది, మాట మీద మాట పెరిగి నిజం బయటికి వచ్చేసేది.

మార్చి, ఏప్రిల్, మే గడిచాయి. మంచు పోయి పొలాల్లో నీళ్లు పెట్టి నాట్లు వేశారు. మిగతా ఏడుగురూ మెడ మీద ఆశ వదులుకుని పొట్టలు, మూతలు తీస్తూ కాలక్షేపం చేశారు. నగుమొ మాత్రం పని గంటలయ్యాక కూడా ఉండిపోయి మెడలు తీసేది. కుడి బొటనవేలి చర్మం ఊడిపోయింది. దానికి ప్లాస్టర్ చుట్టుకుని మళ్లీ చేసేది. పదింటిలో ఒకటి మబ్బు లేకుండా వస్తే అది పట్టుకొచ్చి గ్వీజెన్‌కు చూపించేది. ఏం చేస్తే వచ్చిందో ఆమెకే తెలిసేది కాదు. అరిగిన చక్రాలను సాయంత్రం పూట గోనెలో వేసి బయట పడేసేది కూడా నగుమొయే. గోనె భుజాన వేసుకుని ఆమె గుమ్మం దాటుతుంటే గ్వీజెన్ రోజూ పిలుద్దామనుకునేది. చెబితే దాలియన్‌లో ఆ నలభై మంది మొహం చూడలేననిపించేది. చెప్పకపోతే ఈ ఒక్క మొహం చూడలేకపోతోంది. తుక్కు పెరిగిపోతోందని తకిజవా అంటే, అభ్యాసం కావాలండి, మేము రెండేళ్లు తిప్పలు పడ్డాం అంది. అది మాత్రం నిజమే.

జూన్ చివర బయలుదేరే రోజున నగుమొ వెదురాకులో చుట్టిన బియ్యపు తీపి ఉండలు తెచ్చింది. మీరు నేర్పినంత ఓపికగా మా నాన్న కూడా నేర్పలేదండి అంది. గ్వీజెన్ నోరు తెరిచింది. తకిజవా కారు తలుపు తెరిచి పట్టుకుని ఉన్నాడు. విమానానికి టైమవుతోందన్నాడు. ఆమె కారెక్కింది.

దాలియన్‌లో ఫ్యాక్టరీ గేటుకు గొలుసు వేసి ఉంది. చున్హువా రేవు పక్కన సముద్రపు గుల్లలు ఒలిచే షెడ్డులో చేరింది. గ్వీజెన్ మూడు రోజులు ఆగి అక్కడికి వెళ్లింది. చున్హువా రబ్బరు బూట్లతో నీళ్లలో నిలబడి కత్తితో గుల్లలు తెరుస్తోంది, తల ఎత్తలేదు.

"మెడ నేర్పలేదక్కా," అంది గ్వీజెన్. "చక్రం సంగతి చెప్పలేదు."

చున్హువా ఇంకో రెండు గుల్లలు తెరిచింది.

"అడిగారా?"

"అడిగింది ఒకామె. ఒకటే చక్రం అని చెప్పాను."

"బాగుంది. మనకూ లేకుండా పోయింది, వాళ్లకూ లేకుండా చేశావు." ఆమె గొంతులో కోపం లేదు, అలసటే ఉంది. "నేను వెళ్లకన్నానే గానీ, వెళ్లి మోసం చెయ్యమన్నానా? మాట కోసమైనా నన్ను అడ్డం పెట్టుకోకు." తర్వాత, పక్క బల్ల ఖాళీగా ఉందనీ, మేస్త్రీని కావాలంటే అడగమనీ అంది. గ్వీజెన్ మర్నాటి నుంచి ఆ బల్ల దగ్గర నిలబడింది. ఇద్దరూ మళ్లీ పక్కపక్కనే పనిచేశారు కానీ పని మాటలు తప్ప మాట్లాడుకోలేదు.

అక్టోబరులో నగుమొ దగ్గర నుంచి మెసేజ్ వచ్చింది. ఎప్పటిలాగే వాతావరణంతో మొదలుపెట్టింది. కెటిల్ తయారీ ఆపేశారట. మెడల దగ్గర తుక్కు మరీ ఎక్కువై, ఇక కప్పులు మాత్రమే చేస్తారట, అవి యంత్రమే మెరిపిస్తుందట. ఎనిమిది మందిలో ముగ్గురిని ఉంచుకున్నారు, కుర్రవాళ్లను. తను మళ్లీ చేపల బల్ల దగ్గరికి వెళ్లింది. ఇగరాషి గారు సెప్టెంబరులో పోయారట, ఈసారి అంత్యక్రియలకు తను వెళ్లి వచ్చిందట. చివర ఇలా రాసింది: "నా చేతిలో అంత పనితనం లేకపోయింది. ఐదు నెలల మీ శ్రమ వృథా చేసినందుకు నన్ను క్షమించండి."

గ్వీజెన్ ఆ మెసేజ్‌ను మధ్యాహ్నం తిండి వేళ గుల్లల గుట్ట పక్కన కూర్చుని చదివింది. చదివాక తిండి డబ్బా మూత తీయకుండానే మళ్లీ సంచిలో పెట్టేసింది. జవాబు రాయడానికి ఆమెకు తొమ్మిది రోజులు పట్టింది. కారణాలు రాసి చెరిపేసింది. క్షమించమని రాసి, అది తనను తాను తేలిక చేసుకోవడానికే అనిపించి అదీ చెరిపేసింది. చివరికి పని ఒక్కటే రాసింది. అరిగిన చక్రం తీసుకోవాలి, పారేయకూడదు. అంచు ఒక పక్కకు ఏటవాలుగా చెక్కాలి. కెటిల్ తలకిందులుగా పట్టుకుని కింది నుంచి పైకి రావాలి. ఆఖరి తిప్పుకు మైనం రాయకూడదు. మీరడిగిన రోజు నేను అబద్ధం చెప్పాను, మీ చేతిలో లోపం లేదు.

పంపాక చదివినట్టు గుర్తు వెంటనే వచ్చింది. జవాబు మాత్రం నాలుగు రోజుల తర్వాత వచ్చింది, పని మధ్యలో. గ్వీజెన్ తడి చేతులు ఏప్రన్‌కు తుడుచుకుని ఫోన్ తీసింది. వాతావరణం గురించి ఏమీ లేదు.

"చదివాను. ఇప్పుడు నా దగ్గర చక్రం లేదు."

అంతే ఉంది. గ్వీజెన్ ఇంకేమైనా వస్తుందేమోనని చూస్తూ నిలబడింది. మేస్త్రీ పేరు పెట్టి పిలిచాడు. పక్క బల్ల దగ్గర నుంచి చున్హువా ఏమిటన్నట్టు చూసింది. గ్వీజెన్ ఫోన్ జేబులో పెట్టుకుని, తొట్టిలోంచి ఇంకో గుల్ల తీసి, కత్తి మొన దాని సందులోకి దింపింది.